కొత్త రీడు కరుస్తుంది

కాఫీ గ్లాసు పక్కన నాలుగు కొత్త రీడులు పెట్టి, "ఇవి కాస్త మెత్తబరిచి ఉంచు," అని చెప్పి సోమసుందరం సైకిలెక్కి ఆఫీసుకు వెళ్లిపోయాడు. అప్పటికి అలివేలుమంగ చేతి నిండా మినప్పిండి ఉంది. పెద్దపిల్లకు రెండు జడలూ అయ్యాయి, చిన్నదానికి ఒకటే అయింది. పాలు పొంగడానికి సిద్ధంగా ఉన్నాయి. వీధి అరుగు మీంచి అత్తగారు వర్ధనమ్మ, "కాఫీ బేగి తెస్తావా, ఎండెక్కాక తెస్తావా," అంటోంది. ఇన్ని పనుల్లో ఆ రీడుల పని ఐదోదో ఆరోదో. చిన్నపిల్ల ఒంటిజడతోనే బడికి పరిగెత్తింది.

రీడంటే పెద్ద వస్తువేం కాదు. శాక్సఫోన్‌ని నోట్లో పెట్టుకునే చోట బిగించే రెల్లు ముక్క, చిటికెన వేలంత ఉంటుంది. ఊపిరి తగిలితే అది అదురుతుంది, ఆ అదురుకే అంత పెద్ద ఇత్తడి వాయిద్యమూ మోగుతుంది. కలకత్తా నుంచి పోస్టులో వచ్చేవి, పెట్టెకు నాలుగు. కొత్త రీడు గరుగ్గా ఉంటుంది, మాట వినదు, కింది పెదవిని కోసేస్తుంది. మొదటిరోజు ఐదు నిమిషాలు, మర్నాడు పది, ఆ మర్నాడు పావుగంట, అలా వారం పదిరోజులు ఎవరో ఒకళ్లు నోటితో తడిపి ఊదితే గానీ దారికి రాదు. సోమసుందరానికి అంత ఓపిక ఎక్కడిది? "కొత్త రీడు కరుస్తుందే. కచేరీ ముందు నా పెదవి చెడితే ఎలా," అనేవాడు. అలివేలు పెదవి చెడితే ఎలాగని ఆయన ఎప్పుడూ అనుకోలేదు. పెదవి చెడినా పులుసు కాయొచ్చు, బట్టలు ఉతకొచ్చు. అందుకని ఆ పని ఆవిడది అయింది.

పెళ్లైన రెండో ఏడు, అంటే డెబ్భై రెండులో, ఇది మొదటిసారి నెత్తిన పడ్డప్పుడు ఆవిడ, "నాకు చేతకాదండీ," అంది. "చేతకాకపోవడానికేముంది, పొయ్యి ఊదే ఊపిరే కదా. గొట్టం మారింది, అంతే," అన్నాడాయన. తన మాటకు తనే పకపకా నవ్వుకున్నాడు. ఏడేళ్లైనా ఆ నవ్వు ఆవిడ చెవిలో అలాగే ఉండిపోయింది. ఊపిరి సంగతి మాత్రం నిజం. వానాకాలంలో పచ్చి సరుగుడు కర్రల్ని రాజేసి రాజేసి అలివేలుకు మహా ఊపిరి వచ్చింది.

ఊదడానికి ఆయన షరతులు పెట్టాడు. పాటలు వాయించకూడదు. మధ్యలో ఉన్న ఒక్క స్వరం పట్టుకుని సాగదీయాలి, రీడుకు అది చాలు. పైగా చప్పుడు గోడ దాటకూడదు. నర్సీపట్నం ఎంత ఊరు? గుమాస్తా సోమసుందరం పెళ్లాం బాకా ఊదుతోందట అని పంచాయతీ సమితి ఆఫీసులో ఎవరైనా అంటే ఆయన తల ఎక్కడ పెట్టుకోవాలి? అందుకని సామాన్ల గదిలో తలుపు వేసుకుని, శాక్సఫోన్ వెడల్పాటి మూతిలో పాత తువ్వాలు కుక్కుకుని, బియ్యం బస్తా మీద కూర్చుని ఊదాలి. ఊదాక ఆ తువ్వాలుని గోడ మేకుకు తగిలించాలి. ఎర్రంచు తువ్వాలు అది, ఒకప్పుడు మావగారిది.

వర్ధనమ్మకు ఈ వ్యవహారం మొదటినుంచీ గిట్టలేదు. ఆవిడ బాధ సంగీతం గురించి కాదు, ఎంగిలి గురించి. "మొగుడు తిన్న విస్తట్లో పెళ్లాం తినడం సూశాను గానీ, పెళ్లాం నోట్లో నానిన పుల్లని మొగుడు నోట్లో పెట్టుకోవడం ఏ ఇంట్లోనూ సూళ్లేదు. ఇదేటి చోద్యమో," అని రోజూ గొణిగేది. కొడుకు వినలేదు. చివరికి ఒక రాజీ కుదిరింది. ప్రతి సాయంత్రం ఆవిడే ఒక గిన్నెడు నీళ్లలో తులసాకు వేసి, రీడుల్ని అందులో ముంచి తీసి కొడుక్కి ఇచ్చేది. ఎంగిలి పోయిందని తల్లి, మెత్తబడ్డాయని కొడుకు, ఇద్దరూ తృప్తిపడేవారు. ఊదినావిడ పెదవి మంటకు ఎవరూ ఏ ఆకూ వెయ్యలేదు. ఆవిడే రాత్రి అన్నంలో కలిపే నెయ్యిలో ఒక చుక్క పెదవికి రాసుకునేది.

సోమసుందరం చెడ్డవాడని అనలేం. తాగడు, చెయ్యెత్తడు, పిల్లలంటే ప్రాణం. విశాఖపట్నంలో చదువుకునే రోజుల్లో రైల్వే క్వార్టర్లలో ఒక ముసలి ఆంగ్లో ఇండియన్ దగ్గర శాక్సఫోన్ నేర్చుకున్నాడు. ఆ ముసలాయన క్లబ్బుల్లో జాజ్ వాయించినవాడు, పోయే ముందు తన వాయిద్యం శిష్యుడికి ఇచ్చేశాడు. "జాజ్ అంటే కాగితం మీదున్నది ఊదడం కాదోయ్, అప్పటికప్పుడు నీలోంచి పుట్టాలి," అని గురువు చెప్పిన మాట సోమసుందరం ఇంట్లో వందసార్లు చెప్పి ఉంటాడు. చెప్పడం వరకే. నర్సీపట్నం వచ్చాక పెళ్లి రిసెప్షన్లలో జనం సినిమా పాటలు అడిగారు, ఊదాడు. నాటకంలో తెర పడ్డప్పుడల్లా ఊదాడు. తుని, పాయకరావుపేట, అనకాపల్లి దాకా శాక్సఫోన్ సోమసుందరం అంటే పేరే. కానీ ఆయనలోంచి అప్పటికప్పుడు ఏదీ పుట్టలేదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు కాబోలు, కచేరీ బాగా జరిగిన రోజున కూడా అన్నం సరిగ్గా తినేవాడు కాదు.

పుట్టడం సామాన్ల గదిలో జరుగుతోంది. ఒకే స్వరాన్ని ఏళ్ల తరబడి ఊదుతూ కూర్చుంటే మనిషికి పిచ్చైనా పట్టాలి, లేకపోతే ఆ స్వరం లోపలికైనా వెళ్లాలి. అలివేలు లోపలికి వెళ్లింది. పాట వద్దన్నారు, సరే, పాట వాయించలేదు. ఒక్క స్వరం అన్నారు, ఒక్క స్వరమే. పెదవి కాస్త వదులు చేస్తే అది కిందికి వాలుతుంది. గొంతు బిగిస్తే దాని నెత్తిమీద ఇంకో స్వరం సన్నగా లేస్తుంది, రెండూ ఒక్కసారే వినిపిస్తాయి. నాలుక ఆడిస్తే రేకు మీద చినుకులు. ఊపిరి మాత్రమే వదిలితే ఎసరు సలసలా మరుగుతున్న చప్పుడు. ఇంత చిన్న ఒక్కదానిలో ఇన్ని గదులున్నాయని ఎవరు చెప్పారు ఆవిడకు? ఎవరూ చెప్పలేదు. చెరుకు సీజన్లో గొలుగొండ నుంచి బళ్లు వస్తుంటే ఇరుసులు ఎలా మూలుగుతాయో అలా ఊది చూసింది. రోకటి పోటుకూ పోటుకూ మధ్య ఊపిరి ఆపి ఊది చూసింది. అత్తగారి గొణుగుడు ఊదింది, అది బాగా కుదిరి తనలో తనే నవ్వుకుంది. ఒకరోజు మాత్రం, ఆడపడుచు పెళ్లిలో అందరి మధ్యా ఆయన, "మా ఆవిడకు సంగీతం ముందు కూర్చోబెట్టినా ఒకటే, రుబ్బురోలు ముందు కూర్చోబెట్టినా ఒకటే," అన్న మాట గుర్తొచ్చింది. ఆ మాటనే ఊదింది. ఊదుతుంటే కోపం వచ్చింది, ఆపాక ఏడుపొచ్చింది, ఆ తరవాత విపరీతమైన ఆకలి వేసింది. ఆ మధ్యాహ్నం రెండు ముద్దలు ఎక్కువ తింది.

ఒక్కటే కొరత. మూతిలో తువ్వాలు కుక్కితే మిగతా స్వరాలు ఎలాగోలా దారి చేసుకుని బయటికొస్తాయి గానీ, అన్నిటికంటే కిందనున్న స్వరం మాత్రం రాదు. వేళ్లన్నీ మూసి ఎంత ఊదినా ఉక్కిరిబిక్కిరైన చప్పుడే వస్తుంది. ఆయన వాయిస్తుంటే ఆ స్వరం విన్నది. తన ఊపిరితో అది ఎలా ఉంటుందో తెలియదు. ఆ మాటకొస్తే, తువ్వాలు అడ్డం లేకుండా తన మోత ఎలా ఉంటుందో ఏడేళ్లలో ఒక్కసారి కూడా వినలేదు ఆవిడ. వినాలి. ఒక్కటంటే ఒక్కసారి విని తీరాలి. పొద్దున కళ్లాపి చల్లుతుంటే అదే, బియ్యంలో రాళ్లు ఏరుతుంటే అదే. ఇంత చిన్న కోరికా అని నవ్వొచ్చేదేమో ఎవరికైనా చెబితే. పట్టుచీర కావాలంటే అడగగలిగేది. తువ్వాలు తియ్యనివ్వండి అని అడగడానికి నోరు రాలేదు.

ఎవరికీ చెప్పలేదు గానీ, ఒక మనిషికి తెలిసింది. సంత రోజుల్లో చింతపల్లి వైపు కొండ ఊరి నుంచి దేవుడమ్మ అడ్డాకుల కట్టలూ తేనె సీసాలూ తెచ్చేది. అమ్ముకోవడం అయ్యాక, బస్సు వేళ దాకా వీళ్ల పెరటి వసారాలో కూర్చుని విస్తళ్లు కుట్టుకునేది. ఒకనాడు అలివేలు సామాన్ల గదిలోంచి బయటికి రాగానే, "లోపల ఏటమ్మా అది? మనిసా, మేకా?" అని అడిగింది.

"ఎవరూ లేరు. గాలి," అంది అలివేలు, మూతి తుడుచుకుంటూ.

"గాలైతే అలా మెలి తిరగదమ్మా. మా కాడ ఆడోల్లు ఈ కొండమీంచి ఆ కొండకి కేకేత్తారు, అలాగ తిరిగింది." దేవుడమ్మ ఈనెపుల్ల పక్కన పెట్టి, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని చిన్నగా కేక వేసి చూపించింది. కేక కిందనుంచి మొదలై పైకెక్కి, అక్కడ ఒక్కసారి విరిగి, విరిగిన చోటునుంచి మళ్లీ లేచింది. "ఇలాగ ఇరిస్తే అవతలి కొండకి తగిలి ఎనక్కొత్తాది. నీది ఎనక్కి రాదు. ఏటి అడ్డమెట్టేవు?"

అలివేలు మేకు మీదున్న తువ్వాలు చూపించింది. దేవుడమ్మ దాన్నీ ఆవిడనీ మార్చి మార్చి చూసింది. "నోట్లో గుడ్డెడితే మనిసైనా ఊపిరాడక సత్తాది," అని మళ్లీ ఈనెపుల్ల అందుకుంది. ఆనాటి నుంచి సంత రోజు ఎప్పుడొస్తుందా అని అలివేలు ఎదురుచూసేది. దేవుడమ్మ వసారాలో కేక విరిచి చూపించేది, ఈవిడ గదిలోకి వెళ్లి దాన్ని ఊదేది. "ఊహూ, బేగి ఇరిచేసినావు. పైకెల్లాక ఇరు," అనేది దేవుడమ్మ గోడవతల నుంచి. పాఠం అంటే అదే. ఏడాది నడిచింది.

జ్వరమని ఒకరోజు సోమసుందరం ఇంట్లో ఉండిపోయాడు. గది తలుపు దగ్గర ఎంతసేపు నిలబడ్డాడో ఏమో, తోసుకుని లోపలికొచ్చి, "ఇందాక ఏదో కూత కూశావే, మళ్లీ ఊదు," అన్నాడు. ఒక్క స్వరం దాటినందుకు తిడతాడేమోనని భయపడుతూనే అలివేలు ఊదింది. మూడుసార్లు ఊదించుకుని కాగితం మీద రాసుకున్నాడు. నెల తిరక్కుండా అనకాపల్లిలో ఒక సభలో దాన్ని 'కొండగాలి' అని వాయించాడు. చప్పట్లు మోగిపోయాయట. 'సోమసుందరం గారి సరికొత్త ప్రయోగం' అని ఒక చిన్న పత్రికలో వేశారు. ఆయన ఆ ముక్క కత్తిరించి, అద్దం కట్టించి, ముందుగది గోడకు కొట్టాడు. "చూశావా, నీ కూతను పాట చేశాను," అన్నాడు సంతోషంగా. మొదట అలివేలుకు గర్వమే కలిగింది, నిజం చెప్పాలంటే. తన ఊపిరిలోంచి వచ్చినదాన్ని వందమంది విన్నారు కదా అని. సాయంత్రానికి ఆ గర్వం విరిగిపోయి కడుపులో మంట మొదలైంది. ఆ మంటతోనే మర్నాటినుంచి ఆ అద్దం మీది దుమ్ము తుడిచేది, ఇంట్లో దుమ్ము తుడిచే పని కూడా ఆవిడదే కనక.

డెబ్భై తొమ్మిదిలో రేడియో నుంచి ఉత్తరం వచ్చింది. కార్యక్రమాలు తయారుచేసే నారాయణమూర్తిగారనే పెద్దమనిషి అనకాపల్లి సభలో కొండగాలి విన్నారట. ఫలానా తేదీ సాయంత్రం నాలుగింటికి టేపు మిషనుతో ఇంటికే వచ్చి రికార్డు చేసుకుంటామని రాశారు. సోమసుందరం ఆ ఉత్తరాన్ని ఆఫీసంతా చూపించి వచ్చాడు. క్యాలెండరు చూసింది మాత్రం వర్ధనమ్మ. ఆ రోజు మావగారి తద్దినం.

"ఏటి, తండ్రి తద్దినం నాడు ఇంట్లో బాకాలూదుతావా," అంది వర్ధనమ్మ.

"రేడియో వాళ్లు మళ్లీ రారమ్మా. భోక్తలు వెళ్లిపోయాకే కదా," అని కొడుకు బతిమాలాడు.

ఆవిడ చాలాసేపు ఆలోచించింది. "సరే. కానీ తండ్రికి పిండం పెట్టిన రోజున పెళ్లాం ఎంగిలి నోట్లో పెట్టుకుంటానంటే ఒప్పను. తులసి నీళ్లు సాలవు ఆ రోజుకి. ఆ పుల్లల సంగతి నేను సూసుకుంటాను, నువ్వు మాట్లాడకు," అంది.

తద్దినం నాడు అలివేలు తెల్లవారకముందే తడిచీరతో వంటింట్లోకి వెళ్లింది. గారెలు, పరమాన్నం, కంద, అరటికాయ, రెండు పచ్చళ్లు, నువ్వుల ఉండలు. మడి కట్టుకుని పొగలో నిలబడి అన్నీ ఒంటి చేత్తో చేసింది. భోక్తలు తిని, తాంబూలం పుచ్చుకుని వెళ్లేసరికి రెండు దాటింది. ఇల్లు కడిగేసరికి మూడైంది. అప్పటిదాకా ఆవిడ నోట్లో పచ్చిమంచినీళ్లు పడలేదు. ఈలోగా పెరట్లో పొయ్యి మీద వర్ధనమ్మ ఇత్తడి గిన్నె పెట్టి, గుప్పెడు పసుపు వేసి, పది రోజులు అలివేలు ఊది మెత్తబరిచిన నాలుగు రీడుల్నీ అన్నం ఉడికినంతసేపు మరగబెట్టింది. తీసి తులసికోట గట్టు మీద ఎండబెట్టింది. ఆవిడ మనసులో చెడ్డ ఉద్దేశం ఒక్కటీ లేదు. కొడుక్కి మైల అంటకూడదని ఎంతో శ్రద్ధగా చేసింది ఆ పని.

సరిగ్గా నాలుగింటికి వ్యాను ఆగింది. నారాయణమూర్తిగారు యాభై ఏళ్ల మనిషి, లావుపాటి కళ్లద్దాలు, తక్కువ మాటలు. ముందుగదిలో మిషన్ పెట్టించి, మైకు సరిచేసి, టేపు తిప్పి, "కానివ్వండి," అన్నారు. సోమసుందరం రీడు బిగించాడు. పసుపు పచ్చగా ఉంది, అంచు వేయించిన అప్పడంలా వంకరపోయింది. ఊదాడు, కీచుమంది. రెండోది బిగించాడు, అదీ కీచే. మూడోది అసలు పలకలేదు. నాలుగోది పలికి, మధ్యలో గొంతు పోయింది. 

"అలివేలూ, ఏం చేశావు వీటిని," అన్నాడు, ముఖం జేవురించిపోయి.

"దాన్నంటావేం. నేనే మరగబెట్టాను," అంది వర్ధనమ్మ తలుపు చాటునుంచి. "పసుపు నీళ్లు మంచివే కదా."

పాత రీడులు అరగ్గానే పారేసేవాడు, ఇంట్లో ఒక్కటీ లేదు. కొత్తవి రావాలంటే నెల. నారాయణమూర్తిగారు వాచీ చూసుకున్నారు. వంటింటి గుమ్మంలో నిలబడ్డ అలివేలుకు ఆ క్షణాన తన ట్రంకుపెట్టెలోని ఖాళీ పౌడరు డబ్బా గుర్తొచ్చింది. దానిలో ఒక రీడుంది. రెండేళ్ల కింద కొన విరిగిందని, పొయ్యిలో పడెయ్యమని ఆయన ఇచ్చినది. ఆవిడ పడెయ్యలేదు. సగం బ్లేడుతో కొన కోసి, గుండ్రంగా చెక్కి, దాచుకుంది. తెచ్చి ఇస్తే ఆయన కొండగాలి ఊదుతాడు, అది ఆయన పేరుతో ఊరూరా వినిపిస్తుంది. ఇవ్వకపోతే ఈ వ్యాను ఇలాగే వెనక్కి పోతుంది, తన కూత ఎవరికీ వినపడదు. ఎటు చూసినా తనకు దక్కేది లేదు. అయినా ఆయన ముఖం చూస్తే జాలేసింది. వెళ్లి డబ్బా తెచ్చింది.

"ఇది పొయ్యిలో పడెయ్యమన్నాను కదా," అన్నాడు సోమసుందరం.

"అవునండీ," అంది ఆవిడ.

ఆయన బిగించి ఊదాడు. గాలి బుసకొట్టింది, అంతే. చెంపలు ఉబ్బించి మళ్లీ ఊదాడు. బుస తప్ప మోత లేదు. పచ్చి కర్రలు రాజేసిన ఊపిరికి తగ్గట్టు చెక్కుకున్న రీడు అది, గట్టిది, ఆయన ఊపిరికి కదల్లేదు. నారాయణమూర్తిగారు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, "ఈ రీడు మీద ఎవరు వాయిస్తారు," అని అడిగారు.

పెరటి వసారా నుంచి దేవుడమ్మ పలికింది. తద్దినానికి తేనె తెచ్చి, అడ్డాకులు కుడుతూ అక్కడే ఉందావిడ. "ఎవులేటి బాబూ, ఆ అమ్మే. ఏడాదినించి గోడవతల కూకుని ఇంటన్నాను. మీరడిగే కొండగాలి ఆమె ఊదిందే."

సోమసుందరం నవ్వబోయాడు. "అబ్బే, ఆవిడ రీడులు మెత్తబరుస్తుందండీ, అంతకంటే ఏం లేదు. పొయ్యి ఊదినట్టు..." ఏడేళ్ల కిందటి ఆ నవ్వు ఈసారి సగంలో ఆగిపోయింది, గదిలో ఇంకెవరూ నవ్వలేదు.

"ఆ మెత్తబరచడమే వినిపించమనండి. మిషన్ ఎలాగూ పెట్టాం," అన్నారు నారాయణమూర్తిగారు.

అలివేలు కొంగుతో చేతులు తుడుచుకుని శాక్సఫోన్ అందుకుంది. అలవాటుకొద్దీ తువ్వాలు కోసం సామాన్ల గది వైపు రెండడుగులు వేసింది. ఆగింది. వెనక్కి తిరిగి వచ్చింది. ఎప్పుడూ బస్తా మీద కూర్చుని ఊదేది, ఈసారి కూర్చోలేదు. వేళ్లన్నీ మూసి, ఏడేళ్లుగా ఒక్కసారైనా పుట్టని ఆ అడుగు స్వరాన్ని ఊదింది.

మొదట అది కాళ్లకింద గచ్చులో తెలిసింది. తరవాత గూట్లో చెంబులు జుమ్మన్నాయి. గోడ మీద అద్దం కట్టించిన పత్రిక ముక్క గలగలా ఊగింది. ఇంత పెద్దదా ఇది, ఇంత పెద్దదాన్నా నేను ఈ ఎర్రంచు తువ్వాలులో దాచాను అనుకుంది అలివేలు. ముందు భయమేసింది, ఆ వెంటనే నవ్వొచ్చింది, ఆ నవ్వు కూడా స్వరంలోకి దూరి అదిరింది. అక్కణ్ణుంచి తన పాత స్వరం దగ్గరికి వచ్చింది. చెరుకు బళ్ల ఇరుసులు ఊదింది. రోకటి పోట్లు ఊదింది. పొద్దుటినుంచి నిలబడ్డ కాళ్ల నొప్పినీ, పొగనీ, ఖాళీ కడుపునీ ఊదింది. రుబ్బురోలు మాట ఊదింది, ఆయన ఎదురుగా, ఆయన ముఖంలోకి చూస్తూ. కేక దగ్గరికొచ్చేసరికి పైదాకా వెళ్లి విరిచింది. పెరట్లోంచి దేవుడమ్మ కేక దానికి బదులొచ్చింది. ఇద్దరూ అలా ఇచ్చిపుచ్చుకుంటుంటే సోమసుందరం కాలు, ఆయనకు తెలియకుండానే, నేలమీద తాళం వేయడం మొదలుపెట్టింది. ఎంతసేపు ఊదిందో ఆవిడకు తెలియదు. టేపు చుట్ట అయిపోయి కొస టపటపా కొట్టుకుంటుంటే ఆపింది.

నారాయణమూర్తిగారు కలం తీసి, "ఏ పేరున రాసుకోను," అన్నారు.

"సోమసుందరం పార్టీ అని రాయండి. ఇంట్లో ఎవరు ఊదినా ఒకటే కదండీ," అన్నాడు సోమసుందరం. ఆయన ఆ మాట ఎంతో మెత్తగా అన్నాడు. ఆ మెత్తదనానికే అలివేలుకు ఒళ్లు మండింది.

"ఒకటి కాదండీ," అంది. "అలివేలుమంగ అని రాయండి. కేక దేవుడమ్మది, ఆవిడ పేరూ రాయండి. దీని పేరు కొండగాలి కాదు, 'ఒక్క స్వరం'."

వ్యాను వెళ్లాక వర్ధనమ్మ వచ్చి కోడలి భుజం మీద చెయ్యి వేసి, "పొద్దుటినించి ఏటీ తిన్లేదు నువ్వు. రా," అని పీట వేసింది. దేవుడమ్మ కుట్టిన అడ్డాకు విస్తరి పరిచి, గారెలూ పరమాన్నమూ తనే వడ్డించింది. కోడలికి ఆవిడ వడ్డించడం ఆ ఇంట్లో అదే మొదటిసారి. తరవాతి కాలంలో ఎవరైనా అలివేలు పేరెత్తితే, "నేను పసుపు నీళ్లలో మరగబెట్టకపోతే ఇదంతా అయ్యేదా," అని వర్ధనమ్మే గొప్పగా చెప్పుకునేది.

ఆ తరవాతి పదేళ్లలో అలివేలుమంగ వెళ్లిన చోట్లు చెప్పాలంటే చాలాసేపు పడుతుంది. విశాఖపట్నం నాటకాల వాళ్లు పిలిచి తెర వెనక ఊదమన్నారు, తెర ముందైతే వస్తానంది. మద్రాసు స్టూడియోలో కథానాయిక ఏడ్చే ఘట్టానికి ఏడుపు ఊదమంటే బండి ఇరుసు ఊదింది, మొదట విసుక్కుని చివరికి దాన్నే ఉంచుకున్నారు. ఎనభై నాలుగులో కలకత్తా జాజ్ ఉత్సవానికి వెళితే, అక్కడ ఒక పరదేశపు వాయిద్యగాడు మీది ఏ సంప్రదాయం అని అడిగించాడు. సామాన్ల గది అని చెప్పించింది. రోలుగుంట ఆడవాళ్లతో మూడు రోకళ్లకూ ఒక శాక్సఫోనుకూ కలిపి ఒక రచన చేసి వేదికెక్కించింది. సగం జనం లేచిపోయారు, మిగిలిన సగం ఇంకోసారి అన్నారు. రోకళ్లను బస్సు మీద వేసుకుని అందరూ పకోడీలు తింటూ తిరిగొచ్చారు. దేవుడమ్మ రెండు ఊళ్లకు కూడా వెళ్లింది, మూడోదానికి విత్తనాల వేళ అని రానంది. కొన్నిచోట్ల నవ్వారు, కొన్నిచోట్ల ఇది సంగీతమే కాదని రాశారు. ఆవిడ ఆ ముక్కల్ని కత్తిరించి అద్దం కట్టించలేదు, చదివి పొయ్యిలో పెట్టింది.

అదంతా తరవాతి సంగతి. దానికి ముందు ఒక మామూలు పొద్దున జరిగినది చెప్పాలి. రికార్డింగు అయి నెలైంది. రేడియోలో రెండుసార్లు వేశారు. కలకత్తా నుంచి కొత్త పెట్టె వచ్చింది. సోమసుందరం ఎప్పటిలాగే నాలుగు రీడులు తెచ్చి కాఫీ గ్లాసు పక్కన పెట్టాడు. "కాస్త మెత్తబరిచి..." అని మొదలుపెట్టి, ఆవిడ ముఖం చూసి ఆపాడు.

అలివేలు చేతికున్న పిండి కడుక్కుంది. రెండు రీడులు తీసి తన పౌడరు డబ్బాలో వేసుకుంది. మిగతా రెండూ ఆయన వైపు జరిపింది. "ఇవి నావి. అవి మీవి, మీరే ఊదుకోండి," అంది.

"కొత్త రీడు నాకు పడదు కదే. కరుస్తుంది."

"కరుస్తుందండీ. పది రోజులు ఓర్చుకోండి, మాట వింటుంది."

ఏమనుకున్నాడో ఏమో, ఆయన ఆ రెండూ జేబులో వేసుకుని, సైకిలు గోడకు ఆనించి, శాక్సఫోన్ తీసుకుని సామాన్ల గదిలోకి వెళ్లాడు. అలివేలు చిన్నదాన్ని ముందు కూర్చోబెట్టుకుంది. ఒక జడ అయింది, రెండోది మొదలుపెట్టింది. గదిలోంచి కీచుమని ఒక మోత వచ్చింది, దాని వెనక ఇంకోటి. వీధి అరుగు మీంచి వర్ధనమ్మ, "ఏట్రా ఆ అరుపు, ఈదిలో వాళ్లంతా ఇటే సూస్తన్నారు," అని కేకేసింది. అలివేలు రెండో జడకు రిబ్బను ముడివేసి, తల తిప్పకుండానే చెప్పింది.

"తువ్వాలు మేకుకే ఉందండీ. సిగ్గనిపిస్తే పెట్టుకోండి."